మెట్ల హోటల్లో అమ్మ

అమ్మకు ఏమిష్టం అని మా ఇంట్లో మొదటిసారి అడిగింది ఆమె పోయిన మూడోనాడు. అడిగింది మా వదిన. తెల్లవారుతూనే తలస్నానం చేసి, తడి జుట్టు ముడివేసుకుని, వంటగట్టు ముందు నిలబడి మా అందరి మొహాలూ చూస్తూ, "అత్తమ్మకు ఏం ఇష్టముండె? పిట్టకు ఏం వండాలె?" అంది. మూడోనాడు, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండుకుని, ఆడా మగా అందరం శ్మశానానికి వెళ్ళి, చితి దగ్గర విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడటం మా ఆచారం. పిట్టకు పెట్టడం అంటాం దాన్ని. కాకి ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

బాపు పోయినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. తలకాయ కూర, సర్వపిండి, కల్లు సీసా, బీడీ కట్ట అని మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాళ్ళు. విస్తరి పెట్టి మేమింకా వెనక్కి జరగకముందే కాకి దిగింది. "బతికున్నప్పుడు సుత గంతే, ఆకలైతే ఆగకపోతుండె" అని అమ్మ ఏడుస్తూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాయనమ్మకైతే పచ్చిపులుసు, ముద్దపప్పు, తమలపాకులు. అందులోనూ తడుముకోలేదు. అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ నీళ్ళు నమిలారు. చివరికి అన్న, "అమ్మకు చేపల పులుసు పానం" అన్నాడు. అది అన్నకు ఇష్టం. వదిన భక్ష్యాలు అంది. అవి వాళ్ళ పిల్లలకు ఇష్టం. మా చిన్నమ్మ కాసేపు ఆలోచించి గారెలు అంది. ఆమెను డాక్టరు నూనెలో వేగినవి మానమన్నప్పటి నుంచి ఎవరింట్లో ఏం జరిగినా గారెలే గుర్తొస్తాయి. ఇట్లా అమ్మ విస్తరి మా ఇష్టాలతో నిండిపోయింది. నేను నోరు మెదపలేదు. అమ్మకు ఏమిష్టమో ఈ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నేనని లోపల కొంచెం గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు. కానీ చెప్పనని మాటిచ్చాను. మాట తీసుకున్న మనిషి పోయినంత మాత్రాన మాట పోతుందా?

మా ఇల్లు చిలకలగూడలో. బాపు, ఇద్దరు చిన్నాయనలు కలిసి కిరాణా దుకాణం నడిపేవాళ్ళు. ఇంట్లో ఎప్పుడూ పది పన్నెండు మంది తినేవాళ్ళుండేవారు. పొద్దున్నే పొయ్యి ముట్టించాక అమ్మ చేసే మొదటి పని అందరినీ అడగడం. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఏం వండాలె?" అని నాయనమ్మ మంచం దగ్గర మొదలుపెట్టి, బాపు దగ్గరికి, చిన్నాయనల దగ్గరికి, మా దగ్గరికి వచ్చేది. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి పప్పు లేకపోతే ముద్ద దిగదు, అన్నకు నీచు వాసన తగలాలి. అందరి మాటా వినేది, ఎవరి మాటా మరిచిపోయేది కాదు. అందరూ తిన్నాక, గిన్నెల అడుగున మిగిలిన కూరలన్నీ ఒకే గిన్నెలో వేసి కలుపుకుని పొయ్యి పక్కన కూర్చుని తినేది. "అన్నీ కలిస్తెనే నాకు రుచి" అనేది. మేము నమ్మాం. నమ్మడం సులువుగా ఉండేది.

వారానికోసారి అమ్మ మోండా మార్కెట్‌కు కూరగాయలకు పోయేది. ఆడమనిషి ఒంటరిగా పోకూడదని నాయనమ్మ నన్ను తోడు పంపేది. నేను అప్పటికి అమ్మ నడుం దాకా వచ్చేదాన్ని. స్టేషన్ దాటి మార్కెట్‌కు పోయే దారిలో ఉండేది మెట్ల హోటల్. బోర్డు మీద ఏదో దేవుడి పేరుండేది గానీ రోడ్డు మీంచి మెట్లెక్కి పోవాలి గనక అందరికీ అది మెట్ల హోటలే. ఒకనాడు ఎండకు నాకు కళ్ళు తిరిగితే, నీళ్ళు తాగిద్దామని అమ్మ నన్ను ఆ మెట్లెక్కించింది. నీళ్ళు తాగి దిగిపోవలసిన వాళ్ళం టిఫిను తిని దిగాం. ఆ తరవాత వారం నాకు కళ్ళు తిరగలేదు గానీ అమ్మ అక్కడికి రాగానే నా మొహం చూసి, "ఏందే, తిరుగుతున్నట్టున్నయా?" అంది. తిరుగుతున్నాయన్నాను.

లోపలికి పోగానే ఇంగువ వేసిన సాంబారు వాసన, కాఫీ వాసన, అప్పుడే కడిగిన గచ్చు వాసన కలిసి మొహానికి తగిలేవి. వెనక పక్క ఆడవాళ్ళు కూర్చోవడానికి ఫ్యామిలీ గదులు, వాటికి ఆకుపచ్చ తెరలు. అందరూ పట్టుకుని లాగే చోట ఆ తెర నల్లగా జిడ్డు పట్టి ఉండేది. తెల్లటి రాతి బల్ల మీద చెయ్యి పెడితే నడివేసవిలో కూడా చల్లగా తగిలేది. అమ్మ ఆ బల్ల ముందు కూర్చుని చేసే మొదటి పని నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. పొద్దున లేచింది మొదలు నడుముకు బిగించి దోపుకున్న కొంగును బయటికి లాగి, ముడతలు సవరించి, భుజం మీద నిండుగా వదిలేది. ఇంట్లో పండగనాడు కూడా ఆ కొంగు అట్లా వదలడం నేను చూడలేదు.

అప్పుడు సర్వరు యాదగిరి వచ్చేవాడు. బాపు ఈడు మనిషి, సీతాఫల్‌మండి నుంచి సైకిల్ మీద పనికి వచ్చేవాడు. నాలుగు గ్లాసుల్లో నాలుగు వేళ్ళు ముంచి నీళ్ళు తెచ్చేవాడు. శుచి పట్టింపున్న అమ్మ ఆ వేళ్ళను ఎప్పుడూ చూడనట్టే ఊరుకునేది. బల్ల తుడిచి, గుడ్డ భుజాన వేసుకుని అడిగేవాడు.

"ఏం గావాలె అమ్మా?"

"ఏమేం ఉన్నయి?"

"ఇడ్లీ, వడ, సాంబార్ ఇడ్లీ, ఉప్మా, పూరీ, సాదా దోశ, మసాల దోశ, ఉల్లిగడ్డ దోశ, మైసూర్ బజ్జి, పెరుగు వడ."

ఊపిరి తీసుకోకుండా పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవాడు. అమ్మ చివరిదాకా వినేది. విని, కొంచెం తల వంచి, నిజంగానే తేల్చుకోలేకపోతున్నట్టు ఆలోచించేది.

"పూరీల కూరేంది?"

"ఆలుగడ్డ అమ్మా."

"మైసూర్ బజ్జి వేడిగున్నదా?"

"ఇప్పుడే దీసిండ్రు. పొగలొస్తున్నయి."

"ఆఁ... అయితే సాంబార్ ఇడ్లీ తే. రెండు స్పూన్లు."

ప్రతివారం ఇదే. ప్రశ్నలు ఇవే, జవాబులు ఇవే. ఒక ప్లేటు వచ్చేది, ఇద్దరం తినేవాళ్ళం. సాంబారులో మునిగిన ఇడ్లీని అమ్మ చెంచాతో కోసి మెత్తటి నడిమి ముక్క నా వైపు నెట్టేది. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం బజ్జి తెప్పించింది. నేను అందులో పచ్చిమిర్చి ముక్క కొరికి హోటలంతా మారుమోగేలా ఏడ్చాను. యాదగిరి పరుగున చక్కెర తెచ్చి నా నోట్లో పోశాడు. ఆ కథ చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. తిన్నాక అమ్మ సోంపు నాకు చిటికెడు పెట్టి తను చిటికెడు వేసుకునేది. మెట్లు దిగుతూ కొంగు మళ్ళీ నడుముకు దోపుకునేది. "ఇంట్ల చెప్పకు బిడ్డా. పొయ్యి లేనోళ్ళు తింటరు హోటల్ల అంటది మీ నాయనమ్మ." చెప్పనని నెత్తి మీద చెయ్యి పెట్టించుకునేది.

నాకు మాత్రం ఆ ప్రశ్నలూ జవాబులూ విసుగ్గా ఉండేవి. ఆకలి. "ఎప్పుడూ తినేది అదే గదా, సక్కగ చెప్పరాదా?" అనేదాన్ని. దాని అర్థం నాకు తెలిసింది యాదగిరి సెలవు పెట్టి బిడ్డ పెళ్ళికి ఊరికి పోయినప్పుడు. అతని బదులు కొత్త సర్వరు ఉన్నాడు. మమ్మల్ని చూడగానే నవ్వి, ఏమీ అడగకుండానే సాంబార్ ఇడ్లీ, రెండు స్పూన్లు తెచ్చి ముందు పెట్టాడు. "యాదగిరన్న చెప్పి పోయిండమ్మా, మీరు గిదే తింటరని" అన్నాడు ఎంతో సంబరంగా. ఇంకెవరైనా అయితే ఉబ్బిపోయేవారు. రోజూ పోయే హోటల్లో అడగకముందే మన ప్లేటు మన ముందుకు రావడం కంటే మర్యాద ఇంకేముంటుంది? బాపు తను పోయే చాయ్ హోటల్ గురించి అదే గొప్పగా చెప్పేవాడు. అమ్మ మొహం మాత్రం వాడిపోయింది. తలవంచుకుని తింది. కొంగు భుజం మీదికి వదలనే లేదు. దారిలో వంతెన కింద, నెత్తిమీద రైలు పోతుంటే ఆగి, అది పోయేదాకా చూసి అంది.

"ఇంట్ల పొద్దుగాల లేస్తె అందరినీ నేనే అడుగుత. నన్ను అడిగెటోడు గాడొక్కడే ఉన్నడే. అడగనియ్యి."

యాదగిరి తిరిగి వచ్చాక అమ్మ మెల్లగా అంది, "నీ దోస్తు మంచిగనే తెచ్చిండు గని, అడగలే." అతను భుజం మీది గుడ్డ తీసి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచి, "ఏం గావాలె అమ్మా?" అన్నాడు. ఆ తరవాత అడగకుండా ఎవరూ తేలేదు.

నాకు పెళ్ళయి తిరుమలగిరికి పోయాను. బడిలో పంతులమ్మ ఉద్యోగం. వారం వారం కుదరకపోయినా నెలకు రెండుసార్లయినా బస్సెక్కి వచ్చేదాన్ని, అమ్మ మార్కెట్ సంచితో ఎదురొచ్చేది. మెట్ల హోటలే మా పుట్టిల్లు అయింది, తల్లీకూతుళ్ళిద్దరికీ. నాయనమ్మ పోయింది, బాపు పోయాడు, ఇక దాచవలసిన వాళ్ళెవరూ లేరు. "ఇప్పుడన్నా అన్నకు చెప్పరాదా?" అంటే అమ్మ చేతులు రెండూ ఊపింది. "వద్దు తల్లీ. వానికి తెలిస్తే కార్ల తోలుకపోతా అంటడు. పెద్ద హోటల్‌కు తీస్కపోయి, అమ్మకు ఇది తే, అమ్మకు అది తే అని అన్నీ వాడే చెప్తడు. నేను నోరు మూసుకొని తినాలె. వాడు మంచోడే గని, జెర ఆగడు." అన్న బాపు కొడుకు మరి.

ఏళ్ళు గడిచేకొద్దీ రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. కొత్త రోడ్డు పడినప్పుడల్లా మెట్ల హోటల్‌కు ఒక మెట్టు తగ్గేది. అమ్మకు మోకాళ్ళు అరిగేకొద్దీ మెట్లూ తగ్గాయి. "చూసినవా, నా తక్లీఫ్ జూసి రోడ్డే పైకొస్తున్నది" అనేది. చివరికి ఒక్క మెట్టు మిగిలిన ఏడాది, ఒకనాడు మేం వెళ్ళేసరికి షట్టర్ దించి ఉంది. తాళానికి దుమ్ము. పక్క దుకాణంలో అడిగితే, ఓనర్ కొడుకులు పంచుకుని అమ్మేశారన్నాడు. యాదగిరి ఎక్కడికి పోయాడో అతనికి తెలియదు. ముందే చెప్పడానికి మా ఇల్లెక్కడో యాదగిరికీ తెలియదు. అన్నేళ్ళు తిన్నాం, ఒకరి గడప ఒకరికి తెలియదు. అమ్మ ఆ మిగిలిన ఒక్క మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. పోయేవాళ్ళు చూస్తున్నా లేవలేదు. "చెప్పిపోతె ఏంబోయె" అంది చివరికి. ఇన్నేళ్ళలో నేను చూసిన అమ్మ ఏడుపుల్లో కన్నీళ్ళు రానిది అదొక్కటే, అదే నాకు ఎక్కువ నొప్పి పెడుతుంది.

వేరే హోటళ్ళకు తీసుకుపోయాను. టిఫిన్ల పేర్లు రాసిన పెద్ద అట్ట చేతికిచ్చేవారు. అమ్మకు చదువు రాదు. సర్వరు చేతిలో మిషను పట్టుకుని "చెప్పండి మేడం" అని నా వైపే చూసేవాడు. "నువ్వే చెప్పు" అని అట్ట నాకిచ్చేసేది. బయటికి కదలలేని రోజులు వచ్చాక ఫోనులో తెప్పించాను. ఆ ఫోను మహా తెలివైనది. పోయినసారి తెప్పించింది గుర్తుపెట్టుకుని, మళ్ళీ అదే పంపనా అని దానంతట అదే పైకి తెస్తుంది. వేలు ఆనిస్తే చాలు, సాంబార్ ఇడ్లీ ప్లాస్టిక్ డబ్బాలో గుమ్మం ముందుంటుంది. అమ్మ తిని, "మంచిగున్నది" అనేది. అన్న చేపల పులుసు వండించి పంపినప్పుడూ అదే మాట, అదే గొంతు.

ఈ మధ్య జబ్బు ముదిరినప్పుడు, డాక్టరు రాసిన పరీక్షలకు అమ్మను తీసుకుని వెళ్తే, ఆటో ఆగింది మెట్ల హోటల్ ముందు. ఇప్పుడది రక్తపరీక్షల సెంటర్. ఆ ఒక్క మెట్టు కూడా లేదు, రోడ్డూ గడపా సమానమైపోయాయి. ఫ్యామిలీ గదులున్న చోట గాజు తలుపులు. అమ్మ గోడలన్నీ తేరిపార చూసి గుర్తుపట్టింది. కౌంటర్లో అమ్మాయి ఆ రోజు ఎవరి నోటనో మంచి మాటలు విని వచ్చినట్టుంది, నా వైపు కాకుండా అమ్మ వైపే చూసి, "ఏం కావాలమ్మా?" అంది. అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. సత్తువలేని చేత్తో కొంగు తీసి భుజం మీద సవరించుకుంది.

"ఏమేం ఉన్నయి బిడ్డా?"

ఆ పిల్ల నవ్వి, నిజంగానే చెప్పింది. షుగరు, థైరాయిడు, కిడ్నీ, లివరు, గుండెకు వేరే, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. అమ్మ చివరిదాకా విని, తల వంచి ఆలోచించి, "మైసూర్ బజ్జి లేదా?" అంది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మా నవ్వింది. ఇంత జబ్బులోనూ హాస్యం పోలేదని ఇంటికొచ్చి ఫోన్లో మావారికి చెప్పుకున్నాను. అమ్మ నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

ఇవన్నీ తలుచుకుంటూ మూడోనాడు శ్మశానంలో వేపచెట్టు కింద నిలబడి ఉన్నాను. ఎండ ఎక్కుతోంది, కాకి రావడం లేదు. ఈ ఊళ్ళో కాకులు తగ్గి పావురాలు పెరిగాయి. అవి విస్తరి చుట్టూ గుంపుగా చేరితే అన్న తుండు గుడ్డతో తోలుతున్నాడు. ప్రహరీ మీద ఒకే ఒక్క కాకి కూర్చుని ఉంది, చూస్తోంది గానీ దిగడం లేదు. ఒక్కొక్కరం పోయి చేతులు జోడించి అమ్మకు మాటలిచ్చాం. ఇల్లు ఎవరికీ అమ్మనన్నాడు అన్న. చెల్లెను మంచిగ చూసుకుంటానన్నాడు. వదిన ఏమన్నా తప్పయితే మన్నించమంది. కాకి కదలలేదు. "ఎంత పరేషాన్ జేస్తున్నవే అమ్మా, ఏం గావాల్నో చెప్పు" అని అన్న ఏడ్చాడు. అరవై ఏడేళ్ళ మనిషి.

ఇక నా వల్ల కాలేదు. విస్తరి ముందు గొంతుక్కూర్చుని, "ఏం గావాలె అమ్మా?" అన్నాను. "ఇడ్లీ, వడ, సాంబార్ ఇడ్లీ, ఉప్మా, పూరీ, సాదా దోశ, మసాల దోశ, ఉల్లిగడ్డ దోశ, మైసూర్ బజ్జి, పెరుగు వడ." యాదగిరి చెప్పినట్టే, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. నాకు మతి పోయిందనుకుని చిన్నమ్మ భుజం పట్టుకుంది. అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏందే ఇది?"

ఏడుస్తూ చెప్పాను. మెట్లు, తెర, యాదగిరి, నాయనమ్మకు భయపడి దాచింది, బాపు పోయాక అన్నకెందుకు చెప్పలేదో కూడా చెప్పాను. దాచలేదు. అన్న కోప్పడతాడనుకున్నాను. "నేను జెర ఆగనన్నదా?" అన్నాడు. తరవాత, "ఏం తింటుండె?"

"సాంబార్ ఇడ్లీ. అదే ఇష్టం."

బండి తాళాలు తీసుకుని పోయాడు. టిఫిన్ సెంటర్లు కట్టేసే వేళకు పోయిన మనిషి, రెండు చేతులా సంచులతో చెమటలు కక్కుతూ వచ్చాడు. సాంబార్ ఇడ్లీ ఒక్కటే కాదు, నేను చెప్పినవన్నీ తెచ్చాడు. దోశలు దొరకకపోతే ఇంకో చోటికి పోయి తెచ్చాడట. చేపల పులుసు విస్తరి తన చేత్తోనే పక్కకు జరిపి, కొత్త విస్తట్లో ఒక్కొక్క పొట్లమూ విప్పి పెట్టాడు. "నేను చెప్ప. ఏది గావాల్నో అమ్మనే తీసుకోనీ" అన్నాడు.

వెనక్కి వచ్చి నిలబడ్డాం. కాకి గోడ దిగింది. కాకులకు నూనెలో వేగినవంటే ఆశ అని నాకూ తెలుసు, నేను బడిపిల్లలకు చదువు చెప్పినదాన్నే. అయినా చూశాను. అది విస్తరి చుట్టూ నింపాదిగా ఒక తిరుగుడు తిరిగింది. పూరీ దగ్గర ఆగింది, దాటింది. సాంబార్ ఇడ్లీ వైపు చూడను కూడా చూడలేదు. మైసూర్ బజ్జిని ముక్కున కరుచుకుని గోడ మీదుగా ఎగిరిపోయింది.

చిన్నమ్మ దండం పెట్టింది. అన్న కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ నా వైపు తిరిగాడు. "సాంబార్ ఇడ్లీ ఇష్టమంటివి గదనే?"

మైసూర్ బజ్జి వేడిగున్నదా అని అమ్మ ప్రతిసారీ అడిగింది. పొగలొస్తున్నాయని యాదగిరి ప్రతిసారీ చెప్పాడు. విస్తరి వైపు చూశాను. సాంబార్ ఇడ్లీ పెట్టింది పెట్టినట్టే ఉంది. అది నాకు ఇష్టం.